వాకిట బండలు పరచు పని

ఇంటికి గోడలెంత ముఖ్యమో వాకిలియు నంత ముఖ్యము. తెల్లవారగానే కళ్లాపి చల్లి ముగ్గు పెట్టునది వాకిట. వడ్లు, కందులు, మిరపకాయలు ఆరబోయునది వాకిట. పసిపిల్లలు తొలి అడుగులు వేయునది, వృద్ధులు నీరెండకు కూర్చుండునది, పెండ్లి పందిరి నిలుచునది అచ్చటనే. అట్టి వాకిలి వానకాలమున బురదగుంటయై, వేసవిలో దుమ్ముకుప్పయై యుండుట ఇంటికి శోభయు గాదు, ఆరోగ్యమును గాదు. చక్కగా బండలు పరచిన వాకిలి రెండు మూడు తరములు నిలుచును. సరిగా పరచనిది రెండు వానకాలములు దాటకముందే కుంగి, పగిలి, నీరు నిలిచి దోమలకు పుట్టినిల్లగును. కావున ఈ పనిని మొదటినుండి తుదివరకు క్రమముగా ఇచ్చట వివరింతుము. ఇల్లు కట్టుకొనువారికిని, తాపీపని నేర్చుకొను యువకులకును ఇది ఉపయోగపడగలదు.

ఈ సీమ రాయి, ఈ సీమ నీరు

చౌటుప్పల్ హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై, హైదరాబాదునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్నది. పూర్వము నల్లగొండ జిల్లాలోని ఈ ప్రాంతము 2016 అక్టోబరు 11న ఏర్పడిన యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఇచ్చటి నేలలు చాలవరకు ఎర్రచెలకలు. వాని అడుగున నున్నది గ్రానైటు రాయి. ఈ రాయియే అక్కడక్కడ గుట్టలై పైకి లేచినది. భువనగిరి కోట నిలిచిన ఏకశిల ఈ రాతి గట్టిదనమునకు కన్నులెదుటి సాక్ష్యము. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన నాగార్జునసాగరము ప్రధానమైన ఆనకట్టను సుమారు 124 మీటర్ల ఎత్తున రాతితోనే కట్టిరి. వేలకొలది కూలీలు, రాతిపనివారు చేతులతో చేసిన ఆ పనిని చూచినవారికి, ఈ సీమవారికి రాతిపని క్రొత్తవిద్య గాదని తెలియును.

అయితే ఈ రాయి మేలుతోపాటు కీడును గూడ చేసినది. గ్రానైటులోని కొన్ని ఖనిజములనుండి ఫ్లోరైడు భూగర్భజలములో కరగును. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించిన, ఆ నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టుటయు, ఫ్లోరైడు మరింత హెచ్చుగా నున్నచోట్ల ఎముకలు, కీళ్లు బిగిసి నడుము వంగిపోవుటయు సంభవించును. మునుగోడు, మర్రిగూడ, చౌటుప్పల్ ప్రాంతములు ఈ బాధను తరములుగా ననుభవించినవి. ఇంటింటికి నదీజలములు చేర్చుటకై చేపట్టిన మిషన్ భగీరథ పథకపు పైలాన్‌ను 2015లో చౌటుప్పల్ వద్దనే నెలకొల్పుటకు ఈ చరిత్రయే కారణము. మంచినీరు వచ్చినను, పూర్వమే బిగిసిన కీళ్లు మరల సడలవు. అట్టి పెద్దలు నేటికిని గ్రామములలో నున్నారు. మెడ వంచి క్రిందికి చూడలేని మనిషికి వాకిట అరంగుళము ఎత్తుతేడా కూడ గండమే. కావున సమముగా, జారకుండునట్లు బండలు పరచుట ఇచ్చట అలంకారము మాత్రమే గాదు. అది ఇంటి పెద్దలకు చేయు సేవ.

రాతి ఎంపిక

మనకు సులభముగా దొరకు బండలు రెండు తెగలు. మొదటిది సున్నపురాయి. వికారాబాదు జిల్లాలోని తాండూరు బండలు, కర్ణాటకములోని కలబుర్గి జిల్లానుండి వచ్చు షాబాదు బండలు, రాయలసీమనుండి వచ్చు కడప బండలు ఈ తెగవి. ఇవి గనిలోనే పొరలు పొరలుగా నుండుటవలన పలకలుగా తేలికగా విడివడును. మనుషులు నడచు వాకిటికి, అరుగునకు ఇవి చాలును. రెండవది స్థానికమైన గ్రానైటు. ఇది కఠినము, అరుగుదల తక్కువ. బండ్లు, ట్రాక్టర్లు వచ్చిపోవు దారికి 3 లేక 4 అంగుళముల మందముగల గ్రానైటు రాళ్లనే వాడవలెను.

బండ కొనునపుడు నాలుగు పరీక్షలు చేయవలెను. మొదటిది శబ్దము: బండను నిలువుగా పట్టి చిన్న సుత్తెతో తట్టిన ఖంగుమని మ్రోగవలెను. బొంగురు శబ్దము వచ్చిన లోపల పగులున్నదని గ్రహింపవలెను. రెండవది అంచు: పొరలు విచ్చుచున్న బండ ఎండకు వానకు లేచిపోవును. మూడవది మందము: ఒకే మందముగల వానిని ఏరి వేరుగా పేర్చుకొన్న పని వేగమగును. నాలుగవది పైతలము: ఆరుబయట నునుపుచేసిన బండలు తడిసినపుడు అద్దమువలె జారును. కావున గనినుండి వచ్చిన సహజమైన గరుకు తలమునే పైకి పెట్టవలెను.

ఇంకొక సంగతి. సున్నపురాతిపై నిమ్మరసము, చింతపులుసు, మరుగుదొడ్లు కడుగు ఆమ్లములు పడిన పైతలము తిని మాసిపోవును. అంటుకొన్న సిమెంటు మరకలను ఆమ్లముతో కడుగుట పలుచోట్ల వాడుకలో నున్నది. తాండూరు, షాబాదు బండలకు అది తగదు. సిమెంటు ఆరకముందే తడిగోనెతో తుడిచిన ఆ అవసరమే రాదు.

మట్టము, వాలు

బండ పరచుటకు ముందు నీరు ఎటు పోవలెనో నిశ్చయింపవలెను. పనిలో సగము ఇదియే. పరచిన వాకిలి ఇంటి లోపలి నేలమట్టమునకు కనీసము 6 అంగుళములు దిగువన నుండవలెను. లేనిచో కుంభవృష్టి కురిసిననాడు నీరు గడప దాటును. గోడలకు చెమ్మ ఎక్కును.

వాలు ఎల్లప్పుడు ఇంటినుండి దూరముగా నుండవలెను. గరుకు బండలకు ప్రతి 5 అడుగులకు 1 అంగుళము చొప్పున వాలు చాలును. అంతకు తగ్గిన నీరు మడుగుకట్టును. మిక్కిలి హెచ్చిన వృద్ధుల నడకకు ఇబ్బంది కలుగును. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పుగల వాకిలిని ఉదాహరణముగా తీసికొందము. 20 అడుగుల పక్క ఇంటిగోడ వెంబడి యున్నదనుకొన్న, గోడవద్దనుండి 15 అడుగుల దూరమునకు మొత్తము 3 అంగుళములు దిగవలెను.

మట్టము చూచుటకు వెలగల పరికరములు అక్కరలేదు. పారదర్శకమైన సన్నని గొట్టములో బుడగలు లేకుండ నీరు నింపి, ఒక కొనను గోడ వద్దను, రెండవ కొనను మేకు వద్దను పట్టిన, రెండు కొనలయందును నీరు ఒకే మట్టమున నిలుచును. అచ్చట గురుతుపెట్టి, దూరపు మేకుపై 3 అంగుళములు దిగువన మరొక గురుతు పెట్టి దారము కట్టవలెను. మూలలు సరిచూచుటకు ఒక దిక్కున 3 అడుగులు, రెండవ దిక్కున 4 అడుగులు కొలిచి గురుతులు పెట్టవలెను. ఆ రెంటి నడుమ దూరము సరిగా 5 అడుగులున్నచో మూల సరియైనది. పెద్ద వాకిళ్లకు 6, 8, 10 అడుగులు తీసికొనిన తప్పు మరింత తగ్గును.

పునాది

బండ పగిలినచో జనులు బండను నిందింతురు. దోషము తరచుగా దాని క్రింది నేలయందుండును. నడక వాకిటికి 1 అంగుళము బండ, 1½ అంగుళము పరుపు, 4 అంగుళముల పునాది, వెరసి 6½ అంగుళముల మందము కావలెను. తయారైన మట్టమునుండి అంతలోతు త్రవ్వి, గడ్డివేళ్లు, చెత్త, మెత్తని పైమట్టి పూర్తిగా తీసివేయవలెను. బండ్లు తిరుగు దారికి పునాది 8 అంగుళములకు తగ్గరాదు. అంచులు జరుగకుండ ఇరువైపుల అంచురాళ్లు లోతుగా పాతవలెను. ఎర్రచెలకలు దిమ్మిసకు చక్కగా లొంగును. నల్లరేగడి యున్నచోట మాత్రము జాగ్రత్త వహింపవలెను. అది వానకు ఉబ్బి, ఎండకు బీటలువారి, పైనున్న బండలను ఎత్తివేయును. అట్టిచోట ఇంకను ఒక అడుగు లోతు త్రవ్వి మొరముతో నింపుట మేలు.

పునాదికి మొరము, కంకర కలిపి వాడవలెను. మొత్తము ఒకేసారి పోయరాదు. 2 లేక 3 అంగుళముల పొరగా పరచి, తేమ తగులునట్లు నీరు చిలుకరించి, దిమ్మిసతో బాగుగా కొట్టి, పిదప రెండవ పొర వేయవలెను. మడమతో గట్టిగా త్రొక్కిన గురుతు పడకుండినచో పునాది సిద్ధమైనట్లు. పునాదికి గూడ పైన చెప్పిన వాలునే ఇయ్యవలెను. వాలు లోటును పైనున్న పరుపు మందముతో సరిచేసినచో సిమెంటు వ్యర్థమగును. పరుపు ఒకచోట మందమై, వేరొకచోట పలుచనై బండలు ఊగును.

బండలు పరచుట

పూర్వము గానుగలో నూరిన సున్నము వాడెడివారు. నేడు సిమెంటు వాడుక. 1 పాలు సిమెంటునకు 6 పాళ్లు జల్లించిన ఇసుక కలిపి, అరతడిగా నుండునట్లు నీరు చేర్చవలెను. పిడికిట పట్టి నొక్కిన ముద్ద కట్టవలెను గాని చేతికి నీరు కారరాదు. గంటలోపల వాడగలిగినంత మాత్రమే కలుపుకొనవలెను.

ఈ పరుపును అంచనాకంటె కొంచెము ఎత్తుగా పరచి, బండ అడుగుభాగమును కడిగి, తడిపి, దానికి సిమెంటు పాలు పూసి దించవలెను. కొయ్యసుత్తెతో నడుమనుండి అంచులకు తట్టుచు దారపు మట్టమునకు తేవలెను. కొందరు బండ నాలుగు మూలలను, నడుమను అయిదు ముద్దలుంచి దానిపై బండ పెట్టుదురు. పని వేగముగా సాగును గాని, ముద్దల నడుమ బోలుతనము మిగులును. ఆ బోలులో నీరు చేరును, చీమలు పుట్టలు పెట్టును. బరువు పడిననాడు బండ విరుగును. బండ అడుగంతయు పరుపునకు ఆనవలెను. పరచిన మరునాడు ప్రతి బండను తట్టి చూచి, డొల్లశబ్దము వచ్చినదానిని తీసి మరల పరచుట మంచి పనివాని లక్షణము.

నాలుగు బండల మూలలు ఒకేచోట కలియకుండ, వరుస మార్చి వరుస సగము బండతో మొదలుపెట్టవలెను. ఇటుక గోడకు చెప్పిన సూత్రమే దీనికిని వర్తించును. గోడవద్ద సన్నని ముక్కలు మిగులకుండ ముందుగా బండలను పొడిగా పరచి చూచుకొనుట మంచిది.

సందులు, తడుపు

బండకు బండకు నడుమ పావు నుండి అర అంగుళము వరకు సందు వదలవలెను. బండలు దగ్గరగా అతికించినట్లుండుట అందమని తలచుట సరిగాదు. ఈ సీమలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. ఆ వేడికి రాయి వ్యాపించును. సందు లేనిచో అంచులు పెళ్లలూడును. 1 పాలు సిమెంటు, 3 పాళ్లు సన్నని ఇసుక కలిపి సందులలో లోతుగా నింపి, కమ్మీతో నొక్కి తీర్చవలెను. వాకిలి పెద్దదైనచో 15 లేక 20 అడుగులకొక సందును, గోడ వెంబడి సందును సిమెంటుతో గాక ఇసుకతో నింపి వదలవలెను.

పరచిన పిదప 7 దినములు తడిగోనెలు లేక వరిగడ్డి కప్పి తడుపుచుండవలెను. నడచుటకు మూడు దినములు, ట్రాక్టరు నడపుటకు 28 దినములు ఆగవలెను. ఈ పనికి వానలు వెనుకబడిన తరువాత నవంబరునుండి ఫిబ్రవరివరకు అనువైన కాలము. వేసవిలో చేయవలసివచ్చిన మధ్యాహ్నపుటెండను తప్పించి, ఉదయము సాయంకాలము చేసికొనవలెను.

సామగ్రి లెక్క

మనము తీసికొన్న 20 అడుగుల, 15 అడుగుల వాకిలి వైశాల్యము 300 చదరపు అడుగులు. రెండడుగుల చదరపు బండలు 75 పట్టును. విరుగుడుకు మరి 5 చేర్చి 80 తెప్పింపవలెను. 4 అంగుళముల పునాదికి గట్టిపడిన పిదప 100 ఘనపు అడుగుల మొరము, కంకర కావలెను. దిమ్మిస కొట్టినపుడు తగ్గును గనుక వదులుగా 130 ఘనపు అడుగులు తెప్పింపవలెను. పరుపునకు సుమారు 6 బస్తాల సిమెంటు, 43 ఘనపు అడుగుల ఇసుక, సందులకు మరియొక బస్తా సరిపోవును. ఈ లెక్కను తెలిసికొన్న రైతు అవసరమునకు మించి కొనడు, పని నడుమ సామగ్రి చాలక నిలిచిపోడు.

ఈ వాకిట వడ్లను అంగుళము మందమున పరచిన సుమారు 4 క్వింటాళ్లు ఆరును. అరగంటకొకమారు కలియబెట్టవలెను. వేసవిలో నట్టనడి ఎండకు బండ మిక్కిలి కాలినపుడు గింజ పగులును గనుక అప్పుడు కుప్పచేసి కప్పుట మంచిది. జాతీయ రహదారిపై వడ్లు ఆరబోసి, వచ్చిపోవు వాహనముల నడుమ ప్రాణములకు తెగించి కాపుండవలసిన అగత్యము దీనివలన కొంతైనను తప్పును.

నీటికి ఇల్లు చూపుట

మట్టివాకిలి కొంత నీటిని త్రాగును. బండల వాకిలి త్రాగదు. ఒక్క అంగుళము వాన కురిసిన 300 చదరపు అడుగుల వాకిటినుండి 25 ఘనపు అడుగులు, అనగా సుమారు 700 లీటర్ల నీరు పారును. దానిని వీథిలోనికి వదలిన పొరుగువాని గోడకు కీడు. కావున వాలు తుదిని 4 అడుగుల పొడవు, వెడల్పు, లోతుగల ఇంకుడుగుంత త్రవ్వి, అడుగున పెద్దరాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక నింపవలెను. రాళ్ల నడుమ సందు నూటికి 40 వంతులుండునని లెక్కించిన, 64 ఘనపు అడుగుల గుంతలో 25 ఘనపు అడుగుల నీరు పట్టును. గుంత ఇంటిగోడకు కనీసము 10 అడుగుల దూరమున నుండవలెను. మరుగుదొడ్డి గుంతకును, పశువుల పాకకును ఎడముగా నుండుట అవసరము. ప్రతి వానకాలమునకు ముందు పైయిసుక తీసి కడిగి మరల వేయవలెను.

వాకిట వేపచెట్టున్నచో మొదలు చుట్టును 3 అడుగులైన బండలు పరువక వదలవలెను. వేరు ఊపిరాడక చెట్టు ఎండును, లేదా వేరు బలిసి బండలనే లేపును. కడపటి రాతినుండి మొదలువరకు కంకర పరచిన చూపునకును బాగుండును.

అరుగు, మెట్లు

అరుగునకు 16 నుండి 18 అంగుళముల ఎత్తు మంచిది. మోకాళ్లు వంగనివారు అంతకంటె తక్కువ ఎత్తునుండి లేవలేరు. మెట్టు ఎత్తు 6 అంగుళములకు మించరాదు. అడుగు పెట్టు వెడల్పు 12 అంగుళములకు తగ్గరాదు. అన్ని మెట్లు ఒకే ఎత్తున నుండుట ముఖ్యము. ఒక మెట్టు కొంచెము హెచ్చినను కాలు తడబడును. మెట్టు అంచున ఉలితో గరుకు గీతలు చెక్కిన తడిసినపుడు జారదు. గోడకు చేతికడ్డీ బిగించుట చిన్న వ్యయము, పెద్ద మేలు.

పనివాని ఊపిరి

ఈ వ్యాసములో ముఖ్యముగా చెప్పదలచినది ఇది. గ్రానైటులో పలుగురాయి గణనీయముగా నుండును. దానిని పొడిగా కోసినపుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి గట్టిపడి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. ఇది నయముగాని వ్యాధి. దగ్గు, ఆయాసము కనబడునాటికి హాని జరిగియే యుండును. క్షయ కూడ దానికి తోడగుట కలదు. పూర్వము ఉలి సుత్తెలతో లేచిన దుమ్ముకంటె నేటి కోతయంత్రము నిమిషములలో పలురెట్లు లేపును. తుండుగుడ్డ ముఖమునకు కట్టుకొన్న చాలునని తలపరాదు. ఆ ధూళి గుడ్డ నేతగుండ దూరును.

కావున రాయి కోయునపుడు చక్రముపై నీరు పడుచుండవలెను. ధూళి లేవకుండుటయే మొదటి రక్ష. దానిపై సన్నని ధూళిని ఆపు ముసుగు, కండ్లకు అద్దములు ధరింపవలెను. పొడిచీపురుతో ఊడ్వక తడిపి తీయవలెను. ధూళిపడిన బట్టలతో ఇంటికి పోయి పిల్లల నెత్తుకొనరాదు. సిమెంటు చర్మమును తినును గనుక చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు అవసరము. రెండడుగుల చదరపు బండ ఒక్కొక్కటి సుమారు 25 కిలోలుండును. నడుము వంచి గాక మోకాళ్లు వంచి ఇద్దరు పట్టి లేపవలెను. బాలురను ఈ పనికి పెట్టరాదు. అది చట్టవిరుద్ధము, పాపము కూడ.

ఇంటివారికిని దీనిలో బాధ్యత కలదు. నీటితో కోసిన వాకిట బురదయగునని, ఆలస్యమగునని పనివానిని తొందరపెట్టరాదు. మన వాకిలి నూరేండ్లు నిలువవలెనని కోరునపుడు దానిని పరచినవాడు నిండు నూరేండ్లు బ్రతుకవలెనని కోరుట ధర్మము.

చేతిపనియే సిరి

రాతిపనిలో వడ్డెరలు, తాపీమేస్త్రీలు తరములుగా నార్జించిన నేర్పు మన గ్రామములలో నున్నది. హైదరాబాదు చేరువగుటవలన తోటలకు, ఇండ్లకు, దారులకు బండలు పరచువారి అవసరము నానాటికి పెరుగుచున్నది. చదువుతోపాటు కొలత, వాలు, లెక్క నేర్చిన యువకుడు కూలివాడుగా గాక పనిని గుత్తకు తీసికొను మేస్త్రీ కాగలడు. హైదరాబాదులో 1998లో స్థాపితమైన జాతీయ నిర్మాణ సంస్థ, అనగా న్యాక్, నిర్మాణపు పనులలో శిక్షణ నిచ్చుచున్నది. నిర్మాణ కార్మికులకై 1996 నాటి శాసనముననుసరించి సంక్షేమ మండలి ఏర్పడినది. 18 నుండి 60 ఏండ్ల వయస్సుండి, గడచిన సంవత్సరములో 90 దినములు ఈ పని చేసినవారు కార్మికశాఖ కార్యాలయమున విచారించి పేరు నమోదు చేయించుకొనవలెను.

పని ఒప్పుకొనునపుడు చదరపు అడుగునకు ఎంత, పునాది లోతెంత, సామగ్రి ఎవరిది, తడుపు ఎవరు చేయవలెను అను విషయములు కాగితముపై వ్రాసికొనుట ఇరువురకు శ్రేయస్కరము. మాట పట్టింపులు చాలవరకు వ్రాతలేమివలననే పుట్టును.

గట్టి పునాది, సరియైన వాలు, నిండైన పరుపు, తగిన సందు, తడితో కోత. ఈ అయిదును మరువకుండిన చాలును. వాన వెలిసిన మరుక్షణమున నీరు జారిపోయి, వంగిన నడుముతో వచ్చు అవ్వ కఱ్ఱ ఊత తడబడక నడచిపోగలిగిన వాకిలియే మంచి పనికి నిదర్శనము. అట్టి వాకిళ్లు మన పల్లెలలో ఇంటింట వెలయుగాక!